మోచేతి కింద చెయ్యి

నా కాళ్ళు వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోతాయి. హాల్లో నడిచినంతసేపూ బాగానే ఉంటుంది. గుమ్మం కనబడగానే పాదాలు నేలకు అంటుకుపోతాయి. ఒళ్ళు పదమంటుంది, కాళ్ళు రామంటాయి. అలా పడే కిందటేడు మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఇది పార్కిన్సన్స్ జబ్బనీ, మందులు వణుకును తగ్గిస్తాయి గాని ఈ ఆగిపోవడాన్ని అంతగా తగ్గించలేవనీ డాక్టరు చెప్పాడు.

మణికట్టు విరిగాకే మా అన్న లీలండ్ ఈ డేటన్ ఊరికి వచ్చి నాతో ఉంటున్నాడు. ఒహాయో నది మీద సరుకు పడవలు నడిపి రిటైరైన మనిషి. నది ఒడ్డున చిన్న ఇల్లు, ఒక పాత పడవ, అదే అతని లోకం. ఇక్కడ నేను లేచి నడిచినప్పుడల్లా మోచేతి కింద చెయ్యి వేసి నడిపించేవాడు.

"నీ కాళ్ళు దారికొస్తే నేను నా నది దగ్గరికి పోతానే వెర్నా. ఈ ఊళ్ళో నీళ్ళు కూడా బద్ధకంగా పారతాయి," అనేవాడు.

డేటన్‌లోనూ నది ఉంది. అతని దృష్టిలో అది కాలవ.

పోతానన్న మాట నాకు పడదు. నా భర్త క్లైడ్ సాయంత్రం వస్తానని ఫ్యాక్టరీకి వెళ్ళాడు, రాలేదు. మా చెల్లెలు ఆస్పత్రి తలుపు దగ్గర చెయ్యి ఊపి లోపలికి వెళ్ళింది, అంతే. అప్పటినుంచి ఇంట్లో ఎవరు కోటు తొడుక్కున్నా నాకు గుండె దడే.

మా వెనక వీధిలో మూతపడిన బేకరీలో రెనాటా అనే అమ్మాయి ఒక కంపెనీ పెట్టింది. కంపెనీ అంటే నలుగురు మనుషులు. వాన పడితే ఆ గోడలు ఇప్పటికీ రొట్టె వాసన వేస్తాయి. నాలాంటి వాళ్ళ కోసం వాళ్ళొక బెల్టు తయారుచేశారు. నడుముకు కట్టుకుంటే అది అడుగులను కనిపెడుతూ ఉంటుంది. కాలు ఆగబోతోందని తెలియగానే తొడ పక్కన తడుతుంది. ఎవరో వేలితో పొడిచి 'ఊఁ, కదులు' అన్నట్టుంటుంది.

ప్రభుత్వం తన పరిశోధన డబ్బులో కొంత ఇలాంటి చిన్న కంపెనీల కోసం పక్కన పెడుతుంది. మొదటి మెట్టు మీద కాస్త ఇచ్చి, నీ ఆలోచన పనిచేస్తుందో లేదో చూపించమంటుంది. చూపిస్తే రెండో మెట్టు మీద పెద్ద సాయం. రెండు మెట్ల మధ్య ఎవరూ ఏమీ ఇవ్వరు. చాలా కంపెనీలు పోయేది ఆ సందులోనే.

"మీకు వంటింటి గుమ్మం ఉన్నట్టే మాకూ ఒకటుంది వెర్నా గారూ," అని రెనాటా ఒకసారి నవ్వింది. నవ్వు కళ్ళదాకా రాలేదు.

బెల్టు కట్టి చూసిన కొద్దిమందిలో అందరికంటే ఎక్కువగా ఆగిపోయేది నేనే. అందుకని నా నడక వాళ్ళకు ముఖ్యం. నియమం ఒక్కటే. నేను ఒంటరిగా నడవాలి. పక్కన మనిషి ఉండవచ్చు, పడబోతే పట్టుకోవచ్చు, అంతవరకు ముట్టుకోకూడదు.

మొదటి రోజే లీలండ్ చెయ్యి నా మోచేతి కిందికి వచ్చేసింది.

"ముట్టుకోకూడదన్నారు కదా," అన్నాను.

"నిన్నెవరు ముట్టుకున్నారు? నేను గాలిని పట్టుకున్నాను. దాని పక్కన నీ మోచెయ్యి ఉంటే నా తప్పా?"

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ చెయ్యి ఉంటే గుమ్మం గుమ్మంలా ఉండదు. చలికాలమంతా అలాగే నడిచాను. బెల్టు తన రికార్డు తను రాసుకుంటూ పోయింది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం రెనాటా మంచు తొక్కుకుంటూ వచ్చింది. కోటు విప్పలేదు. లీలండ్ కాఫీ పోసి ముందు పెడితే ముట్టుకోలేదు.

"రెండో మెట్టు కోసం మేం పంపిన రికార్డులు ప్రభుత్వ నిపుణులు చదివారు. ఒక ప్రశ్న అడిగారు. వెర్నా గారి ఇంట్లో బెల్టు దాదాపు ఎప్పుడూ తట్టలేదట. ఆమె కాళ్ళు ఆగడమే లేదట. అలాంటప్పుడు నడిపించింది బెల్టా, ఇంకేదైనానా అని అడుగుతున్నారు," అంది.

పొయ్యి మీద చిక్కుడు గింజల సూపు ఉడుకుతోంది.

"లీలండ్ గారూ, మీరు ఆమెను పట్టుకున్నారా?"

"మనిషిని ఆదుకోవడం కూడా నేరమైపోయిందా ఈ దేశంలో?"

"నేరమని నేననలేదు."

"మా అమ్మ ఈ పెరటి మెట్ల మీదే జారింది. కారు మీద మంచు తుడిచి వస్తాను, ఉండమ్మా అని చెయ్యి వదిలాను. అంతసేపే. ఇప్పుడు నువ్వొచ్చి మళ్ళీ వదలమంటావు. నీకేం తల్లీ, రాసుకుని పోతావు."

రెనాటా తల దించుకుంది. నలుగురి జీతాలు ఆగిపోయి క్రిస్మస్ కూడా దాటిపోయింది.

"ఈ ఇంటి రికార్డులన్నీ తీసేస్తున్నాను. ఎందుకు తీసేశానో కూడా వాళ్ళకు రాస్తాను. వెర్నా గారు ఒప్పుకుంటే కెమెరా పెట్టి ఈ గుమ్మంలోంచి మళ్ళీ నడిపిస్తాం. వారం లోపల పంపాలి. పడితే పడినట్టే రాస్తాం," అంది.

"పడితేనా? నీ బెల్టు విరిగితే ఇంకోటి చేస్తావు. దీని తుంటి విరిగితే?" అన్నాడు లీలండ్.

"కింద మెత్తటి పరుపులు వేస్తాను. పక్కనే ఉంటాను. అయినా వద్దంటే వద్దు. మీరు కాదన్నా నాకు కోపం రాదు వెర్నా గారూ."

ఇద్దరూ నా వైపు చూశారు. నాకు పడటమంటే భయం. కానీ అప్పుడు నన్ను పట్టుకున్నది ఆ భయం కాదు. బెల్టు పనిచేస్తే లీలండ్ వెళ్ళిపోతాడు. పనిచేయకపోతే ఉంటాడు. ఆ ముక్క ఆ గదిలో నాకొక్కదానికే తెలిసినట్టు కూర్చున్నాను.

"నడుస్తాను," అన్నాను.

మర్నాడు పరుపులు వచ్చాయి, కెమెరా వచ్చింది. లీలండ్ కాసేపు తలుపు పక్కన నిలబడ్డాడు.

"నేనిక్కడుంటే ఈ చెయ్యి నా మాట వినదు," అని కోటు తొడుక్కుని బయటికి వెళ్ళాడు. తన ట్రక్కులో ఇంటికి వీపు పెట్టి కూర్చోవడం కిటికీలోంచి కనిపించింది. ఆ వీపునే చూస్తూ బెల్టు బిగించుకున్నాను.

మొదటిసారి గుమ్మం దగ్గర కాళ్ళు అంటుకుపోయాయి. బెల్టు తట్టింది. నేను చెయ్యి కోసం పక్కకు చూశాను. చెయ్యి లేదు. ఒళ్ళు ముందుకు తూలింది, మోకాళ్ళ మీద పడ్డాను. రెనాటా లేవదీసింది.

"ఆపేద్దామా?"

అప్పుడు అవునంటే సరిపోయేది. తర్వాతి సారి కావాలని పడినా ఎవరికీ తెలిసేది కాదు. లీలండ్ వసంతంలోనూ ఇక్కడే ఉండేవాడు, నా బల్ల ముందు కాఫీ తాగుతూ, ఈ ఊరిని తిడుతూ. పడవ ఎండకు బీటలిచ్చేది. బేకరీ ఇంకోసారి మూతపడేది.

"ఇంకోసారి," అన్నాను.

ఈసారి పక్కకు చూడలేదు. తొడ మీద ఆ తట్టు పడింది. అది చెయ్యి కాదు. దానికి వెచ్చదనం లేదు, మా అమ్మ జారిన సంగతి తెలియదు. ఇంకోసారి తట్టింది. కుడికాలు లేచింది. లేచి, గుమ్మం అవతల పడింది. ఎడమది దాని వెనకే వచ్చింది. మధ్యాహ్నం దాకా తిరిగాను. ఒకసారి గోడ పట్టుకున్నాను. మిగతా అన్నిసార్లూ దాటాను.

రెనాటా కెమెరా ఆపి, పరుపు మీదే కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది. పడినదీ గోడ పట్టుకున్నదీ అన్నీ కలిపి పంపుతుంది. రెండో మెట్టు దక్కుతుందో లేదో ఇక వాళ్ళు చెప్పాలి.

నేను కోటు తొడుక్కుని బయటికి నడిచాను. వరండా చివర బెల్టు ఒకసారి తట్టింది. ట్రక్కు అద్దం మీద వేలితో కొట్టాను. లీలండ్ ఉలిక్కిపడి అద్దం దించాడు.

"ఎవరు తీసుకొచ్చారు నిన్ను?"

"ఎవరూ తీసుకురాలేదు."

నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. మంచులో కొత్తగా పడినవి నా ఒక్కదాని అడుగులే. వాటి వైపు చాలాసేపు చూశాడు.

"అయితే పనిచేస్తోందన్నమాట."

"చేస్తోంది. ఒకసారి పడ్డాను."

"దెబ్బ తగిలిందా?"

"మోకాలు కాస్త కమిలింది."

అతని చెయ్యి స్టీరింగ్ మీదినుంచి లేచింది. గాల్లో ఆగి, మళ్ళీ స్టీరింగ్ మీదికే వెళ్ళింది.

"మంచు కరిగేదాకా ఉంటాను. ఆ తర్వాత పడవ సంగతి చూసుకోవాలి," అన్నాడు.

ఉండిపో అన్న మాట నోటిదాకా వచ్చింది.

"చూసుకో మరి, ఎన్నాళ్ళని ఒడ్డున పడి ఉంటుంది," అన్నాను. "నిన్నటి సూపు వేడి చేస్తాను, రా."

అతను దిగాడు. నేను ముందు నడిచాను. అతను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నా వెనక వచ్చాడు.