నకళ్ల ఫోల్డర్

కోయిలకుంట్ల బజారులో రామకోటయ్య కిరాణా అంగడి పక్కగదిలో ఆయన కూతురు శ్రీవాసవి నెట్ సెంటర్ నడిపేది. పొద్దున్నే కంప్యూటర్ల దుమ్ము తుడిచి, ముందుగా రక్తదాతల గ్రూపు మెయిళ్లు చూసేది. జిల్లాలో ఎవరికి రక్తం కావాలన్నా ఆ గ్రూపుకే రాసేవాళ్లు. దాతలకు ఫోన్ చేసి పంపించే పని వాసవిది. ఏ మెయిల్ తెరిచినా, రాయించినవాళ్ల ఇంటి వాసన గదిలోకి వచ్చేది. పక్కన కూర్చున్నవాళ్లు ముక్కు కూడా చిట్లించకుండా తమ పని చూసుకునేవాళ్లు.

ఒకే మెయిల్ రెండేసిసార్లు రావడమే పెద్ద తలనొప్పి. నెట్ది నత్తనడక, జనానికేమో తొందర. సెండ్ మీద నాలుగుసార్లు నొక్కుతారు. ఒక రోగికి ఇద్దరు దాతలు పోయి, ఒకరు ఊరికే తిరిగొచ్చి, తమ పేరు కొట్టేయమనేవాళ్లు. అందుకని వాసవి ఫిల్టర్లు పెట్టింది. గ్రూపు మెయిళ్లు వాటంతటవే ఫోల్డర్లలోకి పోతాయి. అక్షరం పొల్లుపోకుండా మళ్లీ వచ్చినవి నకళ్ల ఫోల్డర్‌లోకి. వాటిని రోజూ మధ్యాహ్నం తెరవకుండానే చెరిపేసేది. తన తెలివికి తనే మురిసిపోయేది కూడా, పాపం.

ఆ రోజు కర్నూలు ఆసుపత్రి నుంచి వేరుశనగ నూనె వాసనతో ఒక మెయిల్ వచ్చింది: "మద్దిలేటి, బి నెగటివ్, సాయంత్రం ఆపరేషన్, రెండో వార్డు." వెంటనే బి నెగటివ్ దాత వీరభద్రను పంపింది. మధ్యాహ్నం నకళ్లు చెరపబోతే చెయ్యి జారి ఒకటి తెరుచుకుంది. అవే అక్షరాలు. గదంతా గొర్రెల దొడ్డి వాసన.

వాసన వేరైతే ఇల్లు వేరు, మనిషీ వేరు. మద్దిలేటి స్వామికి మొక్కుకుని కన్న బిడ్డలకు ఆ పేరే పెట్టే సీమ ఇది, వీధికి ఇద్దరుంటారు. ఆసుపత్రి ఎదుటి నెట్ సెంటర్లో అందరి మెయిళ్లూ ఒకే మూసలో కొడతారు, ఊరి పేరైనా పెట్టరు. ఫిల్టరుకు తెలియదు సరే, తనకు తెలియదా? తన్ను తాను తిట్టుకుంటూ డోన్‌లోని లారీ మెకానిక్ గిడ్డయ్యకు ఫోన్ చేసి మద్దిలేటి సంగతి చెప్పింది. బి నెగటివ్ వాళ్లలో మిగిలింది అతనొక్కడే.

"ఆ మద్దిలేటికి తను పోతాండానని వీరభద్ర పొద్దున చెప్పినాడు కదమ్మా?"

"ఈయన వేరేన్నా. ఈయన ఇంట్లో గొర్రెలుండాయి."

"అట్లయితే వేరే మనిషే. బస్సెక్కుతాండా," అన్నాడు గిడ్డయ్య.

సాయంత్రం రెండో వార్డు బయటికి నర్సు వచ్చి, మద్దిలేటికి రక్తం వచ్చిందని, ఆయన తాలూకు ఎవరని అడిగింది. వరండాలో ఇద్దరు ఆడవాళ్లు ఒక్కసారే లేచారు. ఒకరినొకరు చూసుకుని, భయంతో అట్లే నిలబడిపోయారు.

"కూర్చోండమ్మా," అంది నర్సు. "రెండు బాటిళ్లుండాయి."