టీ గ్లాసులో పన్ను

సూస్ పట్టణంలో ఫర్నిచర్ దుకాణం పై అంతస్తులో ఉంది ఆ ప్రైవేటు బడి. అక్కడ కట్టుడు పళ్లు చేయడం నేర్పుతారు. మెట్లెక్కుతుండగానే కరిగిన మైనం వాసన, తడి ప్లాస్టర్ వాసన ముక్కుకు తగులుతాయి. కైరవాన్ అవతలి పల్లె నుంచి వచ్చిన రిహేమ్‌కు రెండేళ్లలో ఆ వాసన అలవాటైపోయింది. అలవాటు కానిది మాట్లాడటమే.

జూన్‌లో జరిగిన పరీక్షలో చేతిపనికి ఇరవైకి పదిహేడు వచ్చాయి. నోటి పరీక్షకు నాలుగే. ముగ్గురు పరీక్షకుల ముందు నిలబడి, తను చేసిన పన్ను చూపించి, దాన్ని ఎందుకలా చేసిందో చెప్పాలి. రిహేమ్ చేతిలోని దవడ అచ్చును చూస్తూ ఉండిపోయింది. గోడ గడియారం పది నిమిషాలు నడిచింది, అంతే. ఇప్పుడు సెప్టెంబరులో రెండోసారి. చేతిపని కూడా మళ్లీ చేయాలి. నోటి పరీక్షలో పది రాకపోతే పట్టా లేదు, మూడో అవకాశమూ లేదు.

"నోళ్లు బాగుచేసే బడిలో నోరులేని పిల్లవి దొరికావమ్మా నువ్వు," అనేవాడు మాస్టారు సీ ఖెమైస్. ఆయన మాటలో వెటకారం కన్నా దిగులే ఎక్కువ.

పక్క బల్ల మీద కూర్చునే ఇన్సాఫ్‌ది ఇంకో కష్టం. ఆమె నోరు ఆగదు, చేయి నిలవదు. చేతిపనిలో తప్పింది.

"ఒసేయ్, నీ చేతులు నాకిచ్చి నా నోరు నువ్వు తీసుకోవే. ఇద్దరం గట్టెక్కుతాం," అంది పరీక్ష పొద్దున, హరీసా కారం పూసిన రొట్టె నములుతూ.

రిహేమ్ నవ్వి తన బల్ల తుడుచుకుంది.

దంతాల డాక్టర్లు పంపిన దవడ అచ్చులు పంచారు. ఒక్కోదాని మీద ఒక నంబరు, దానితో ఒక చీటీ. రిహేమ్ చీటీలో ఇలా ఉంది: ఆడమనిషి, యాభై ఎనిమిదేళ్లు, పైవరసలో ఎడమ ముందుపన్ను లేదు. కింద, పెట్టాల్సిన పన్ను రంగు నంబరు. పేరు ఉండదు.

అచ్చును కిటికీ వైపు తిప్పి చూసింది. మిగిలిన కుడి ముందుపన్ను అంచున చిన్న గాటు. దారమంత సన్నం. ఆ గాటు ఆమెకు తెలుసు.

అచ్చం అలాంటిదే నానమ్మ మహ్బూబా పన్నుకూ ఉంది. నానమ్మ బుర్నూసులనే ఉన్ని అంగీలకు అంచులు కుడుతుంది. కత్తెర పక్కనే ఉన్నా దారాన్ని పంటితోనే కొరుకుతుంది. యాభై ఏళ్ల దారం ఆ పంటిని కోసింది. దాని పక్క పన్ను ఏనాడో ఊడిపోయింది. కిందటేడు రిహేమ్ తన మొట్టమొదటి పన్ను నానమ్మకే చేసింది. కైరవాన్‌లో దంతాల డాక్టరు అచ్చు తీసిచ్చాడు, సీ ఖెమైస్ పక్కన నిలబడి చేయించాడు. పక్క పళ్లను పట్టుకునే తీగతో, చిన్న గులాబీ రంగు పలక మీద తిన్నగా, మెరుస్తూ, పుస్తకంలో బొమ్మలా వచ్చింది. నానమ్మ దాన్ని ఒక పెళ్లికి పెట్టుకెళ్లింది. మర్నాడు తీసి, టీ గ్లాసులో వేసి, పైన సాసరు మూసి అలమరలో పెట్టింది. అప్పట్నుంచి అది అక్కడే ఉంది.

ఎందుకు తీసేసిందో రిహేమ్ తనంతట తానే తేల్చుకుంది. పన్ను మరీ తిన్నగా ఉంది. అది నానమ్మది కాదు, పుస్తకంది.

అందుకే ఇవాళ ఆ తప్పు చేయదలచుకోలేదు. పన్ను ఎంచి, సానరాయి మీద అరగదీసి, అంచున సన్నగా గాటు పెట్టింది.

ఇన్సాఫ్ తొంగి చూసి గుండె మీద చేయి వేసుకుంది. "పిచ్చిదానా, పుస్తకంలోని పటంలో అలా ఉందా? బాగున్న పన్నుని చెడగొట్టుకున్నావు కదే!"

మధ్యాహ్నం నోటి పరీక్ష. పరీక్షకుల్లో పెద్ద మదాం జినేత్. మొనస్తీర్‌లో ఆమెకు సొంతంగా పళ్లు చేసే కార్ఖానా ఉంది. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని అచ్చును వేళ్లతో తడిమింది.

"ఈ గాటేంటమ్మాయ్? చెయ్యి జారిందా?"

అవునంటే చేతిపని మార్కులు పోతాయి. ఊరుకుంటే నోటి మార్కులు పోతాయి.

"కావాలనే పెట్టానండీ," అంది రిహేమ్ చివరికి. "పక్క పన్నుకి ఉంది. ఆవిడ దారం కొరికే మనిషి. దీన్ని తిన్నగా పెడితే రెంటికీ పొత్తు కుదరదు."

మదాం జినేత్ అచ్చును వెలుతురులో తిప్పింది. "నిజమే, కుట్టుపని చేసే ఆవిడే. బాగా చూశావు. మరి ఆ గాటంటే ఆవిడకి ఇష్టమని నీకెవరు చెప్పారు? నలభై ఏళ్లుగా దాన్ని చూసుకుని సిగ్గుపడుతోందేమో!"

గడియారం మళ్లీ వినిపించసాగింది, జూన్‌లో లాగే. రిహేమ్ కళ్ల ముందు టీ గ్లాసు నిలబడింది. సెలవులకు వెళ్లిన ప్రతిసారీ ఆ సాసరు మీది దుమ్ము తుడిచింది తనే. ఎందుకు తీసేశావు నానమ్మా అని ఒక్కసారైనా అడగలేదు.

"ఎవరూ చెప్పలేదండీ. నేనే అనుకున్నా." అక్కడితో ఆగుతుందనుకుంది. మాట ఆగలేదు. నానమ్మ సంగతి చెప్పింది, పెళ్లి సంగతి, గ్లాసు సంగతి. "ఇక్కడికి అచ్చొస్తుంది, చీటీ వస్తుంది. చీటీలో వయసుంటుంది, రంగుంటుంది. మనిషికేం కావాలో రాసే గడి ఉండదు. ఉంటే చూసి చేసేదాన్నండీ. కానీ..." చీటీ వైపు చూసింది. "మా నానమ్మకీ నాకూ మధ్య చీటీ లేదు కదా. అయినా నేను అడగలేదు."

చివర కూర్చున్న ముసలి పరీక్షకుడు చిన్నగా దగ్గాడు. మదాం జినేత్ కళ్లజోడు దించి పెట్టుకుని, చీటీ వెనక్కి తిప్పి, తన కలం ఇచ్చింది.

"వెనకంతా ఖాళీయే. రాయొద్దని ఎవరూ అనలేదు."

రిహేమ్ వంగి రాసింది: పక్క పన్నుకు గాటు ఉంది. కొత్తదానికీ ఉంచాలా, వద్దా? ఆవిడను అడిగి చెప్పగలరు.

ఆ ప్రశ్న డాక్టరు దాకా వెళ్లిందో లేదో, ఆ యాభై ఎనిమిదేళ్ల ఆవిడ ఏమందో రిహేమ్‌కు ఎప్పటికీ తెలియలేదు. తెలిసినవి మార్కులే. నోటికి పదకొండు. అడక్కుండా గాటు పెట్టినందుకు రెండు కోసి, చేతిపనికి పదిహేను. ఇన్సాఫ్‌కు చేతిపనిలో సరిగ్గా పది.

"ఆ దేవుడూ, ఈ మైనమూ కలిసి నన్ను కరుణించాయే!" అని అరుస్తూ రిహేమ్‌ను మెట్ల మీదే కౌగిలించుకుంది.

మార్కులొచ్చిన రోజే రిహేమ్ ఊరికెళ్లింది. బండి దిగేసరికి సాయంత్రపు ఎండ ఇంకా ఉంది. నానమ్మ వాకిట్లో బుర్నూసు ఒళ్లో వేసుకుని కుడుతోంది. పట్టా మాట విని మనవరాలి తల నిమిరి, నోట్లోని దారం ముక్క ఉమ్మేసి, మళ్లీ సూది అందుకుంది.

రిహేమ్ లోపలికెళ్లి టీ గ్లాసు తెచ్చి పక్కన కూర్చుంది.

"నానమ్మా, దీన్నెందుకు పెట్టుకోవు?"

"ఏదోలేవే, దాచుకున్నా."

"నిజం చెప్పు. ఏడవనులే."

నానమ్మ సూదిని బట్టకు గుచ్చి పెట్టింది. "గుచ్చుకునేది తల్లీ. తీగ చిగుళ్లోకి దిగేది. పెళ్లిలో అన్నం కూడా తినలేదు. నువ్వు చేసిన మొట్టమొదటి పన్ను, నొప్పెడుతోందని నోరెలా వస్తుంది?"

"తిన్నగా ఉందని కాదా?"

"తిన్నగా ఉంటే నాకు చేదా? ఆ రోజు పళ్లన్నీ కనబడేలా నవ్వింది దేనికనుకున్నావు? ఈ పక్కదాని గాటు కూడా పూడుస్తావేమో అడుగుదామనుకున్నా. చదువుకునే పిల్లవి, నీకెన్ని పనులో అని ఊరుకున్నా."

రిహేమ్ గ్లాసు వంక చూసింది. లేచి చేతులు కడుక్కుని వచ్చి, ముసలామె గడ్డం పట్టి ఎండకేసి తిప్పింది.

"నోరు తెరువు. ఇక్కడేనా?"

"ఊహూ."

"ఇక్కడా?"

"ఇంకొంచెం లోపలికి," అంది నానమ్మ నోరు తెరిచే ఉంచి. "ఆ, అక్కడ."