కుడిచేతిలో పుల్ల

"మైక్రోవేవ్ దగ్గర్నుంచి జరుగు నోరీన్, పెట్టె తంతది!" అంటూ మా అత్తగారు ఫిలొమినా నా చేతిలో గిన్నె లాక్కున్నారు. పెట్టె అంటే నా ఎడమ భుజం కింద, చర్మం లోపల కుట్టిన యంత్రం. గుండె లయ తప్పితే లోపల్నుంచే షాక్ కొడుతుంది. మా న్యూఫౌండ్‌లాండ్ దీవి తీరంలో కొన్ని కుటుంబాలకు ఈ గుండెజబ్బు తరతరాలుగా వస్తోంది. మా నాన్న ఏ పెట్టే లేకుండా పడవలోనే కుప్పకూలిపోయాడు. నాకు ఒకసారి కొట్టింది. మళ్లీ అలా కొడుతుందంటే దేనికైనా నోరు మూసుకుంటానని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. చిత్రమేమిటంటే ఆ పెట్టె నేను కట్టెలు కొట్టినా తన్నదు, వాకిట్లో మంచు ఎత్తిపోసినా తన్నదు, ఫ్యాక్టరీలో పొద్దంతా పీతలు వలిచొచ్చి అందరికీ వండిపెట్టినా తన్నదు.

పిల్లలు పుట్టకుండా చేతిలో, చర్మం కింద మందు పుల్ల పెట్టించుకుంటానంటే మాత్రం తంతుందట! ఇంకో కాన్పు నీ గుండె తట్టుకోలేకపోవచ్చని డాక్టర్ చెప్పాడు. మా ఆయన లియాండర్‌కేమో ఇద్దరాడపిల్లల తర్వాత పడవ నడపడానికి కొడుకు కావాలి. "ఒంట్లో ఒకటుండగా ఇంకోటా? రెండూ కొట్టుకుంటే చస్తావే పిచ్చిదానా!" అంటాడు, ఎంతో ప్రేమగా. నెలనెలా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతుకుతున్నాను.

ఇవాళ పిండి కొనుక్కొస్తానని చెప్పి తిన్నగా క్లినిక్‌కి వెళ్లాను. నర్సు వెర్నా ఆ పుల్లను నాకు చూపించింది.

"దీంట్లో కరెంటుందా, బ్యాటరీ ఉందా తల్లీ? అగ్గిపుల్లంత మెత్తటి ప్లాస్టిక్. మందు కొంచెం కొంచెంగా ఊరుతుంది. ఇదొకటుందని నీ పెట్టెకి తెలియను కూడా తెలీదు. రక్తం గడ్డకట్టే భయం కొన్ని గర్భనిరోధక మాత్రలతో, దీంతో కాదు. మీ గుండె డాక్టర్ని కూడా అడిగా, సరేనన్నాడు. పెట్టె ఎడమవైపుందిగా, దీన్ని కుడిచేతికి పెడదాం."

అంతేనా! ఇంతేనా! నాకు నవ్వు ఆగలేదు. లేచి ఆమెను కౌగిలించుకున్నాను.

"అయినా ఇంత ఆలస్యం చేశావేం?" అంది వెర్నా మత్తు సూది సిద్ధం చేస్తూ. "వసంతంలో మీ ఆయన చెయ్యి కోసుకుని కుట్లకొచ్చినప్పుడే ఈ పుల్ల సంగతి అడిగాడుగా. ఏం కాదు, నిన్ను పంపించమని చెప్పా. చెప్పలేదా?"

ఒళ్లు భగ్గుమంది. తెలిసే భయపెట్టాడన్నమాట. నా భయాన్ని నా మీదికే ఉసిగొల్పి, రోజూ పక్కన హాయిగా నిద్రపోయాడు. కానీ ఆ కోపంలోనే ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. భయపడాల్సిందేమీ లేదు! ఇన్నాళ్లూ లేదు!

"పెట్టేయ్ వెర్నా, ఇప్పుడే" అని కుడిచేయి చాపాను.

సాయంత్రం భోజనాల దగ్గర నా చేతి కట్టు చూసి లియాండర్ స్పూను కింద పడేశాడు. "ఎవర్నడిగి పెట్టించుకున్నావ్?"

"వెర్నాని. నీ కుట్లు మానాయా అని అడగమంది. వసంతంలో వేసినవి."

అతను కింద పడ్డ స్పూను కోసం బల్ల కిందికి వంగాడు.

"ఆ కుట్లకీ ఈ కట్టుకీ సంబంధమేంట్రా?" అన్నారు అత్తగారు.

"అన్నీ తీరిగ్గా చెబుతాడు అత్తయ్యా" అన్నాను. "ఇవాళ్టి నుంచి ఆయన మీ గదిలోనేగా పడుకునేది."