ఒక్క కన్నం కూడా

మీటరు రెండు చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం కాలు ఒకచోట నిలవలేదు.

యాభై ఏళ్ల పాత మేడ అది. గోడలకు థర్మోకోల్ పలకలు అంటించాం, రెండద్దాల కిటికీలు పెట్టాం, పైన సోలార్ బిగించాం. లోపలి చల్లదనం సందుల్లోంచి పారిపోతే ఆ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే వీధి తలుపుకు పెద్ద ఫ్యాన్ బిగించి ఎంత గాలి కారుతోందో కొలుస్తాం. మూడు దాటకూడదు. నిన్న నాలుగు దాటింది. ఈ సాయంత్రం తనిఖీ అధికారి వస్తాడు. నేను సొంతంగా పట్టిన మొదటి పని ఇది. ఇందులో తప్పితే రెండోది ఎవరూ ఇవ్వరు.

నిన్న ఒళ్లు మండి మా మరిదితో అన్నాను: "ఒక్క కన్నం కూడా వదలొద్దు. కనబడిందల్లా మూసెయ్."

మా మరిది బంగారం. కాకపోతే చెప్పింది చెప్పినట్టే చేస్తాడు. ఒకసారి "నేనొచ్చేదాకా ఆ నిచ్చెన వదలకు" అన్నానని, తిండి కూడా మానేసి దాన్ని పట్టుకునే నిలబడ్డాడు. పనిలో అందరూ అతన్ని 'అక్షరాలా' అని పిలుస్తారు.

సందులు మూస్తే మహా అయితే రెండున్నరకు దిగాలి. మిగతా అర ఎలా తగ్గింది? మేడంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కిటికీల చుట్టూ, వైర్ల చుట్టూ అంతా పద్ధతిగానే ఉంది. దాంతో నా భయం ఇంకా పెరిగింది.

వెనక సందులో, కింది వాటా గోడకు అరచేతికన్నా కాస్త పెద్ద సిమెంటు మచ్చ కనబడింది. ఇంకా తడిగా ఉంది.

అది టైలరక్క బాత్రూంలో గ్యాస్ గీజర్ విషపు పొగ బయటకు పోయే దారి. మేడంతా ఖాళీ చేసినా ఆవిడ ఒక్కతే కదల్లేదు. సోలార్ వేడినీళ్ల గొట్టం ఆమె వాటాకు వచ్చే వారం వస్తుంది. కొలత అయ్యేదాకా స్నానం ఆపమన్నాం. కొలత అయిపోయింది.

పరిగెత్తాను. లోపల నీళ్ల చప్పుడు.

"అక్కా! గీజర్ ఆపు! బయటికి రా!"

"ఏంటమ్మా గోల... తల తిరుగుతోంది..." మాట ముద్దముద్దగా వచ్చింది.

భుజంతో రెండుసార్లు గుద్దితే గడియ ఊడింది. దుప్పటి చుట్టి ఆరుబయటకు ఈడ్చుకొచ్చాను. డాక్టరు వచ్చి చూసి, ప్రాణానికి భయం లేదన్నాకే నాకు ఏడుపొచ్చింది. మా మరిది అప్పటికే ఆ సిమెంటు పగలగొడుతున్నాడు. మళ్లీ కొలిస్తే రెండున్నర వచ్చింది.

సాయంత్రం అధికారి మీటరు చూసి తల ఊపాడు. తర్వాత బాత్రూం దగ్గర ఆగాడు.

"ఈ తలుపేమైంది?"

నేను నోరు తెరిచేలోగా మా మరిది అందుకున్నాడు.

"చెదపట్టి ఊడిపోయింది సార్."

నాకు పెళ్లయి పదకొండేళ్లు. అతను అబద్ధమాడటం నేనెప్పుడూ వినలేదు. నేను చెప్పమన్న అబద్ధం కూడా కాదు అది. చూపు నేలమీదే ఉంది, చెవులు ఎర్రబడ్డాయి.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు.

"చెద కాదు సార్," అన్నాను. "పొగ పోయే కన్నం మూసేశాం. లోపల మనిషి పోయేది. మూసింది ఇతనే. మూయమన్నది నేను, అక్షరాలా."