జమ్మి నుంచి మూడో రాయి

ఇరవై ఏడేళ్ళుగా ఏడాదికోసారి ఆ రాళ్ళ దగ్గరికి పోతున్నాను. పోయిన ప్రతిసారీ ఇదే ఆఖరైతే బాగుండుననుకున్నాను. ఈసారి నిజంగానే ఆఖరిది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, శుక్రవారంలోగా ఎవరి రాయి వాళ్ళు పట్టుకుపోవాలి, మిగిలినవి రోడ్డు కింద పూడ్చేస్తామని కబురు వచ్చింది.

ఆ కబురు విని మా అత్త ఝమ్కూ మంచం మీద లేచి కూర్చుంది. ఎనభై దాటింది. చూపు ఆనదు, మోకాళ్ళు వంగవు, నోరొక్కటే నిక్షేపంగా ఉంది.

“జమ్మి నుంచి మూడోది, పొద్దు పొడిచే వైపు. విన్నావా కోడలా? ఇంకెవరి రాయో నెత్తికెత్తుకొచ్చేవు!”

“ఇన్నేళ్ళూ నూనె పోసింది నేనేగా అత్తా.”

“పోశావులే. ఆ మొక్కులో మనసుంటే ఈపాటికి ఈ ఇంట్లో ఉయ్యాల ఊగేది.”

ఇదిగో, ఈ మాటే. పెళ్ళయిన నాలుగో ఏట మొదలుపెట్టింది. పండగైనా, పబ్బమైనా, రొట్టె మాడినా, ఒంటెకి కడుపు పోయినా ఈ మాట రాకుండా రోజు గడవదు. మొదట్లో ఏడ్చేదాన్ని. తరవాత తిరిగి తిట్టేదాన్ని. ఇప్పుడు ఓపిక లేదు. నలభై ఆరేళ్ళొచ్చాయి, ఇక ఉయ్యాల ఊసెందుకు? అయినా ఆ మాట మాత్రం ముల్లులా దిగుతూనే ఉంటుంది.

ఆ రాయి మా ఇంటి జుంఝార్‌జీది, అంటే పోరాడి చచ్చి దేవుడైనవాడిది. మా ఆయన ముత్తాతకు అన్న. మందను తోలుకుపోతున్న దొంగల వెంటపడి, పెళ్ళి కాకుండానే చచ్చిపోయాడు. తల తెగాక కూడా మొండెం కత్తి దూసిందంటారు. అలా పోయినవాడికి దారి పక్కన రాయి చెక్కించి, ఏటా నూనె, సిందూరం పూసి, కొబ్బరికాయ కొట్టి, ఒక బీడీ వెలిగించి పెట్టాలి. లేకపోతే ఇంట్లో సంతానం నిలవదు. మా మగవాళ్ళు ఎనిమిది నెలలు ఒంటెల వెంట పరాయి ఊళ్ళలో తిరుగుతారు కాబట్టి ఈ చాకిరీ ఆడవాళ్ళ నెత్తిన పడింది.

ఈసారి మా ఆయన హర్జీ ఊళ్ళోనే ఉన్నాడు. ఒంటెబండి కట్టుకుని ఇద్దరం బయలుదేరాం. ఆయన అక్కడికి రావడం ఇది రెండోసారి. మొదటిసారి పెళ్ళికొడుకుగా వచ్చాడు, ముఖం మీద పూలదండలు వేలాడుతుంటే ఏమీ కనిపించలేదట.

“నువ్వే చూపించాలి. నాకు మా తాతెవరో గుర్తుపట్టడం రాదు,” అన్నాడు నవ్వుతూ.

“అంత ముచ్చట తాతైతే ఏడాదికోసారైనా రావాల్సింది,” అన్నాను.

మధ్యాహ్నానికి చేరాం. జమ్మి చెట్టుని అప్పటికే కొట్టేశారు, మొద్దు మిగిలింది. మొద్దుకి అటు అయిదు, ఇటు అయిదు రాళ్ళు ఉండేవి. చివరివి చాలామంది పట్టుకుపోయారు, మొద్దుకి దగ్గరివే మిగిలాయి. పొక్లెయిన్ ఇసుకనంతా గీకేయడంతో చోటు బోడిగుండులా ఉంది. గొడుగు కింద కూర్చున్న సూపర్‌వైజర్ లేచి వచ్చాడు.

“ఏదమ్మా మీది? చాలావరకు ఎర్రగా ముద్దల్లా ఉన్నాయి. తల్లికైనా పోల్చుకోవడం కష్టమే.”

నిజమే. ఏళ్ళ తరబడి పూసిన నూనె, సిందూరం వేలి మందాన పేరుకుని మా రాయి లోపలి బొమ్మ ఎప్పుడో మునిగిపోయింది. పొద్దు పొడిచే వైపు మూడోది చూపించాను. హర్జీ గునపం కింద పెట్టి ఎత్తాడు. రాయి కదిలింది. ఎండకు ఎండిన ఎర్ర పెచ్చు పగిలి, గోడ సున్నంలా ఊడి కింద పడింది.

లోపల కత్తి లేదు. గుర్రమూ లేదు, ఒంటే లేదు. పైన సూర్యుడు, చంద్రుడు. వాళ్ళ కింద నెత్తిన కుండ పెట్టుకున్న ఆడమనిషి. రెండు చేతులకీ మణికట్టు నుంచి భుజాల దాకా గాజులు. చెక్కినవాడికి ఆ గాజుల మీద ఉన్న ఓపిక ముఖం మీద లేదు. కళ్ళకి రెండు గాట్లు, నోటికి ఒక గాటు.

హర్జీ గునపం దించి, వంగి చూశాడు.

“ఏమే, మా తాత నీళ్ళు మోస్తున్నాడేంటే?”

నాకు నవ్వు రాలేదు. మొద్దుకి అవతలి వైపు నడిచాను. ఒకటి, రెండు, మూడు. నిన్నటిదాకా గుండెల దాకా ఇసుకలో కూరుకుపోయి ఉన్న రాయి. చుక్క నూనె పడక తెల్లగా ఎండిపోయింది. కొడవలిలా వంగిన మెడతో ఒంటె, దాని మీద మీసాలాయన, చేతిలో కత్తి. సిందూరంలో మునగని రాళ్ళ మీద ఇంతకు ముందు నేను చూసిన బొమ్మలన్నీ గుర్రాలే. ఒంటె మీద చచ్చేది మావాళ్ళే.

అక్కడే చతికిలబడ్డాను. ఎలా జరిగిందో నాకు బాగా తెలుసు. కొత్త కోడలికి ముసుగు రొమ్ము దాకా దించుతారు. చెయ్యి పట్టుకుని జమ్మి చుట్టూ మూడుసార్లు తిప్పుతారు. ఆ తిప్పడంలో తూర్పేదో పడమరేదో ఎవరికి తెలుస్తుంది? ముసుగులోంచి కనిపించేది మన కాళ్ళే. మా అత్త అలాగే వచ్చింది. వచ్చి, తను మొక్కిన రాయే నాకూ చూపించింది.

పదేళ్ళు ఈ రాయిని బిడ్డనడిగాను. ఆ తరవాత అత్త నోరు మూయించమని అడిగాను. రెండూ జరగలేదు, జరగవు కూడా, పాపం ఈవిడెవరో నీళ్ళు మోసుకునే మనిషి.

హర్జీ మీసాల రాయిని బండికెత్తాడు. “పద. ఆ పరాయి రాయి మనకెందుకు?”

“దాన్నీ ఎత్తు,” అన్నాను.

“పిచ్చా? ఎవరిదో ఏమో!”

“రేపు దీన్ని రోడ్డు కింద పూడుస్తారు. ఇన్నేళ్ళ నా ఏడుపు విన్నది ఇదే. మీ తాత ఒక్కపూట విన్నాడా? ఎత్తుతావా, నన్నూ ఇక్కడే వదిలేసి పోతావా?”

ఎత్తాడు.

దారి పొడుగునా ఒక్క మాటే నోట్లో నానబెట్టుకున్నాను. ‘నువ్వు పోసిందీ ఈ పరాయి రాయికే కదా అత్తా, మరి నీకు కొడుకెలా పుట్టాడు?’ అంతే. ఇంకో మాట అక్కర్లేదు. ఈ ఒక్కదానితో నోరు పడిపోవాలి. నడుం విరిగిపోతోంది, కళ్ళల్లో ఇసుక, అయినా ఆ మాటని పదునుపెట్టుకుంటూనే ఉన్నాను.

రెండు రాళ్ళూ అత్త మంచం పక్కన దించాడు హర్జీ. దించి, ఒంటెని విప్పాలని చెప్పి గుమ్మం దాకా తప్పుకున్నాడు. గొడవొస్తే దూరంగా ఉండటం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

అత్త చెయ్యి చాచింది. ముందు మీసాల రాయి తగిలింది.

“ఇదేంటే, ఇంత ఎండిపోయింది? నూనేది?” వేళ్ళు ఒంటె మెడ మీదికి పోయాయి. “మనవాడే,” అని నవ్వింది. మరుక్షణం ఆ నవ్వు ఆగింది. రెండో రాయి కోసం తడిమింది. జిడ్డు, పెచ్చులు, వాటి కింద గాజులు. ఒక్కొక్క గాజు మీద వేలు పెట్టుకుంటూ భుజం దాకా పోయింది. కుండ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

నేను నోరు తెరిచాను.

“అప్పుడు పద్నాలుగేళ్ళు నాకు,” అంది అత్త. “మా అత్త ఒక్కసారి చూపించి, మరుసటేడు పోయింది. మూడోదన్నంత వరకే గుర్తు. ఏ వైపో గుర్తులేదు. రాయి మర్చిపోయానని కొత్త కోడలు ఎవరితో చెప్పుకుంటుందే? ఏదో ఒకటి అనుకుని పోసేశాను.”

కుండ మీద ఇంకా అంటుకుని ఉన్న పెచ్చుని గోటితో గీరింది.

“దీనికే పోశాను. అయినా నాకు హర్జీ పుట్టాడు,” అంది నెమ్మదిగా. “నీ మొక్కులో తప్పేం లేదే కోడలా. నువ్వు సరిగ్గానే పోశావు.”

నానబెట్టుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఏడుపు మాత్రం తన్నుకొచ్చింది, రెండు రాళ్ళ మధ్య కూలబడ్డాను.

“నూనె సీసా తేవే,” అంది అత్త. “ఇద్దరికీ నేను పోస్తాను.”

“పొయ్యి పక్కన ఉంది. నీ కొడుకుని తెమ్మను,” అన్నాను. “నేను లేవలేను.”

గుమ్మంలోంచి హర్జీ వచ్చి, మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్ళాడు.