బావగారి నురుగు

సినిమాహాలు లాబీలో తివాచీ మళ్లీ నల్లబడింది. కడిగి పట్టుమని పది రోజులు కాలేదు. టికెట్ల కిటికీ నుంచి లోపలి తలుపు దాకా, జనం నడిచే మేరంతా బొగ్గు బస్తాలు ఈడ్చిన దారిలా ఉంది. మేనేజరు నడుం మీద చేతులు పెట్టుకుని, లాబీ శుభ్రం చేసే పిన్ని వైపు తిరిగాడు.

"ఇవాళ్టితో సరి. వీళ్లు కడిగి వెళ్లాక కూడా ఇలాగే ఉంచితే ఎట్లా? రేపట్నుంచి ఇంకొకావిడ వస్తుంది."

"పొద్దునా సాయంత్రం మిషన్ పెట్టి పీలుస్తూనే ఉన్నాను సార్. మీరే చూస్తున్నారు కదా."

"చూస్తున్నాను. తివాచీనీ చూస్తున్నాను."

అప్పుడు, తివాచీ కడగటానికి మళ్లీ వచ్చిన బావగారు నోరు విప్పారు. పిన్ని తరఫున ఒక్క మాటైనా అంటారని ఆయన వెంట వచ్చిన కొత్తకోడలు అనుకుంది. ఆయన గొంతు సవరించుకుని, "కడగటం వరకే మా పని సార్. తర్వాత చూసుకోవాల్సింది వీళ్లు" అన్నారు.

కొత్తకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆడలేక మద్దెల ఓడు అంటే విన్నది గానీ, పక్కవాళ్ల మద్దెల పగలగొట్టేవాళ్లను ఇప్పుడే చూస్తోంది.

ఆమెకు పెళ్లయి రెండు నెలలు. అత్తవారిది తివాచీలు, సోఫాలు కడిగే వ్యాపారం. భర్త, ఆయన అన్నగారు కలిసి నడుపుతారు. కెమిస్ట్రీలో డిగ్రీ పెట్టుకుని ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేనని ఈమధ్యే తనూ వ్యాను ఎక్కింది. ముందు సీట్లో భర్త పక్కన ఇరుక్కుని కూర్చోవటం, ఇద్దరికీ ఒకే ఫ్లాస్కు మూతలో టీ, అతను తెచ్చిచ్చిన పసుపుపచ్చ రబ్బరు తొడుగులు, అన్నీ ఆమెకు సంబరమే. ఆ తొడుగులు వేసుకుంటే కీచుమంటాయి. ఆ కీచుకి కూడా నవ్వొచ్చేది.

"పెళ్లికొచ్చిన కానుకలన్నిట్లో ఇవే బాగున్నాయండీ" అంది ఆ పొద్దున వ్యానులో.

"మరి నేనో?"

"మీరు కానుకల్లోకి రారు. బరువు సామానులోకి వస్తారు."

ఆ నవ్వంతా ఇప్పుడు ఎక్కడికి పోయిందో తెలీదు. పిన్ని మిషన్ వైరు చుట్టుకుంటోంది. రేపట్నుంచి పని లేని మనిషి కూడా వైరుని అంత పొందిగ్గా చుడుతోంది. అది చూస్తుంటే ఇంకా ఒళ్లు మండింది.

బావగారికి బజార్లో నురుగు మాస్టారని పేరు. ఏ తివాచీ అయినా ఆయనకు ఒకటే పద్ధతి. షాంపూ గుమ్మరించటం, బ్రష్ మిషన్‌తో చీలమండల దాకా నురుగు లేపటం, పైపైన తుడిచేసి, "అద్దంలా ఉంది, చూసుకోండి" అనటం. మళ్లీ నీళ్లతో తీయటమనే మాటే లేదు. ఇంట్లో ఆమె ఒకసారి అడిగితే, "నీళ్లు పోస్తే ఆరేదెప్పుడు, ఆట మొదలయ్యేదెప్పుడు?" అని కొట్టిపారేశారు.

ఆమె తొడుగు తీసి, చేయి తడిచేసుకుని తివాచీ మీద రుద్దింది. అరిగిపోయిన సబ్బు ముక్కని పట్టుకున్నట్టు జారింది. తలుపు అంచున ఊడివచ్చిన దారం ఒకటి తెంపి, నలిపి, గ్లాసుడు నీళ్లలో ముంచింది. దారం టక్కున పైకి తేలింది.

"చూశారా, ఇది ప్లాస్టిక్ దారమండీ. నీళ్లు తాగదు. జిడ్డు మాత్రం వదలదు" అంది భర్తతో. "పాప్‌కార్న్ నూనెకి షాంపూలాంటి గట్టి మందు కావాల్సిందే. అందులో బావగారి తప్పేం లేదు. వేసిన మందుని బయటికి తీయాలిగా! తీయకపోతే అది లోపలే ఆరి, జిగురై కూర్చుంది. నడిచిన ప్రతి చెప్పునీ నాకుతోంది. ఆవిడేం చేస్తుంది పాపం?"

"నిజమే అనుకో. అన్నయ్యకెలా చెప్తావ్?"

"నోటితో."

బావగారు అప్పటికే షాంపూ డబ్బా మూత తిప్పుతున్నారు. "ఒరేయ్, ఇవాళ రెట్టింపు పోద్దాం. మురికి మొండిగా ఉంది."

"బావగారూ, ఇవాళ మందే వద్దు."

"మందు లేకుండానా? ఉత్తి నీళ్లతో అయితే వాళ్లే కడుక్కుంటారు అమ్మాయ్. మనల్ని పిలవటం దేనికి?"

"ఒక్క పట్టీ. తలుపు నుంచి ఆ స్తంభం దాకా. మన నీళ్లు పీల్చే మిషన్ ట్యాంకులో వేడినీళ్లు తప్ప చుక్క మందు పోయద్దు. ట్యాంకు మీ చేత్తోనే కడిగి మీరే నీళ్లు పట్టండి. పీల్చిన నీళ్లలో నురుగు లేకపోతే తప్పు నాది, ఇక వ్యాను ఎక్కను. ఉంటే మాత్రం తప్పు ఎవరిదో మేనేజరు గారికి చెప్పాలి."

భర్త మొహం వాడిపోయింది. "మధ్యలో నా పక్క సీటునెందుకు పందెం కాస్తావ్?" అని గొణిగాడు.

బావగారికి పౌరుషం వచ్చింది. ట్యాంకు తనే మూడుసార్లు తొలిపారు. వేడినీళ్లు తనే పట్టారు. నీళ్లు చిమ్మి వెంటనే వెనక్కి పీల్చే మిషన్ అది. షాంపూ ఉండగా దాని అవసరమేముందని వ్యానులో మూలన పడేసి ఉంచారు. పిన్ని వైరు వదిలేసి వచ్చి నిలబడింది. మేనేజరు గడియారం చూసుకుంటూ వచ్చాడు.

ముందు బురదనీళ్లు వచ్చాయి. బావగారు మీసం తిప్పబోయారు. ఇంతలో ఆ బురద మీద తెల్లటి పొర లేచింది. పొర పొంగైంది. పొంగు గాజు మూతకు తాకింది. స్తంభం దాకా వెళ్లకుండానే మిషన్ గుడగుడమని, దగ్గి, వెనక గొట్టంలోంచి గుప్పెడు నురుగు తెచ్చి మేనేజరు బూట్ల మీద కక్కింది.

"ఇదేంటయ్యా! మందు వేయలేదన్నారుగా?"

"వేయలేదు" అన్నారు బావగారు.

"మరి ఈ నురుగెక్కడిది?"

బావగారు మిషన్ ఆపేసి గొట్టం వైపు వంగారు. కొత్తకోడలు నోరు తెరిచేలోగా ఆమె భర్త అడుగు ముందుకేశాడు.

"మాదేనండీ. పోయినసారిది, అంతకుముందుసారిది. కడిగేశామని చెప్పి ఇందులోనే వదిలి వెళ్లాం. దుమ్ము దానికే అంటుకుంటోంది. ఆవిడ తప్పు లేదు."

అన్నగారు గుడ్లురిమారు. అతను చూపు తిప్పుకోలేదు. బరువు సామాను కాదు, ఇది అసలైన కానుకే అనుకుంది ఆమె. చుట్టూ ఇంతమంది లేకపోతే అక్కడే మెడ చుట్టూ చేతులు వేసేది.

"సరే సరే" అన్నాడు మేనేజరు, బూటు గోడకు రుద్దుకుంటూ. "అయితే ఈసారికి పనిలో ఉండనీ."

"ఈసారికా?" ఆమె గొంతు లాబీ అంతా మోగింది. "ఏం తప్పు చేసిందని క్షమిస్తున్నారు సార్?"

"ఆగమ్మా, నాకూ నోరుంది" అంది పిన్ని. చీరకొంగు నడుముకి బిగించి మేనేజరు ఎదురుగా నిలబడింది. "రేపొచ్చే ఆవిడకి ఫోన్ చేసి రావద్దని చెప్పండి సార్. ఎందుకని అడుగుతుంది. ఎందుకో కూడా చెప్పండి. ఇక్కడే, నేను వినేట్టు."

మేనేజరు అటూ ఇటూ చూశాడు. ఎవరూ ఆదుకోలేదు. ఫోన్ తీశాడు. "అంటే... పాతావిడ బాగానే చేస్తోందమ్మా, పొరపాటు మాదే" అనేటప్పటికి చెవులు ఎర్రబడ్డాయి.

బావగారు మిషన్ ఖాళీ చేసుకొచ్చారు. మళ్లీ వేడినీళ్లు. మళ్లీ నురుగు. ఇంకోసారి. నురుగు పలచబడే కొద్దీ కింద నుంచి నీలం రంగు తేలటం మొదలైంది. ఈ తివాచీ నీలమని అందరూ మరిచే పోయారు.

"చివరి నీళ్లలో ఏదో కలపాలన్నావే ఇంటి దగ్గర?" అన్నారు గోడవైపు చూస్తూ.

"కాస్త వెనిగర్ బావగారూ. మిగిలిన జారుడు కూడా తెగుతుంది."

"ఊఁ. తీసుకురా." తర్వాత మేనేజరుతో అన్నారు: "ఇది ఆరాలి సార్. మొదటి ఆటకి జనాన్ని పక్క తలుపులోంచి పంపండి."

చెప్పి, తడి నీలం మీదుగా, వ్యానులో ఉన్న రెండో గొట్టం కోసం నడవబోయారు.

"బాబూ!" అంది పిన్ని. "బూట్లు."

నురుగు మాస్టారు ఒంటికాలి మీద నిలబడి బూట్లు విప్పారు.