గీత మీద సూది

నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఒత్తులు తప్పినా, దీర్ఘాలు జారిపోయినా చదివేవాళ్ళు పెద్ద మనసు చేసుకోవాలి. చెయ్యి నెమ్మది, ఒక్కో పేజీకి రెండు మూడు రోజులు పట్టింది. ఇది మా ఆయన కథ. పటాలంలో అందరూ ఆయన్ని మెకానిక్కు అనేవాళ్ళు కాబట్టి నేనూ అలాగే అంటాను.

పటాలంలో రేడియోలు బాగుచేసే చోటు ఒక రేకుల షెడ్డు. పొడవాటి బల్ల ఒకటి, కాళ్ళు సమంగా లేని స్టూలు ఒకటి, గోడ మేకులకి వేలాడే తీగల చుట్టలు. బల్ల కింద చచ్చిన సెట్లు ఆరు పడుండేవి. బతికున్నవాటికి ఏ ముక్క కావాలన్నా ఆ ఆరింట్లోంచే పీకాలి. వాటిని తయారుచేసిన కంపెనీ మూతపడి ఇరవై ఏళ్ళయింది. లోపల ఉండేవి గాజు వాల్వులు, అవి వేడెక్కడానికే మూడు నిమిషాలు కావాలి. ఒక్కో సెట్టు ఇరవై రెండు కిలోలు. మెకానిక్కు కంటే ఆ సెట్లు వయసులో నాలుగేళ్ళు పెద్దవి. అందుకని వాటిని 'అన్నగారు' అనేవాడు. "అన్నగారికి ఇవాళ ఒంట్లో బాగాలేదు" అన్నాడంటే ఏదో ఒకటి మూగబోయిందన్నమాట.

ఒక్కో సెట్టుకి ఒక్కో జబ్బు. కొండపోస్టు సెట్టుకి డయలు జారిపోయింది. మాట్లాడుకోవడానికి పై అధికారులు ఇచ్చిన అంకె మీద సూది పెడితే గరగర తప్ప ఏమీ వినబడేది కాదు. అంకెకి ఎడమ పక్కన, వేలెడు దూరంలో పెడితే మాట స్పష్టంగా వచ్చేది. పోస్టులో రేడియో మనిషి మేకుతో అక్కడొక గీత గీసుకున్నాడు. రెండేళ్ళుగా సూది ఆ గీత మీదే ఉంది.

ఈ సంగతి ఏ కాగితంలోనూ లేదు. డయలు జారిందని రాస్తే సెట్టు పనికిరానిదవుతుంది. పనికిరాని సెట్టుని వెనక్కి తీసుకుంటారు. బదులివ్వడానికి ఇంకొకటి లేదు. అప్పుడు కొండ మీద తొమ్మిది మందికి చెవీ ఉండదు, నోరూ ఉండదు. అందుకని నెల తిరిగేసరికి 'సెట్టు సవ్యంగా ఉంది' అని రేడియో మనిషి రాసేవాడు, మెకానిక్కు సంతకం పెట్టేవాడు, మేజరు కింద ముద్ర వేసేవాడు. ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు.

ఆ రేడియో మనిషిని పిచ్చుక అనేవాళ్ళు. బక్కపలచటి ఒళ్ళు, నోరు మాత్రం ఊరుకోదు. మెకానిక్కుని "బావా" అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు. కలిసిన మొదటిరోజే "నీకు చెల్లెలుందా?" అని అడిగి, లేదంటే, "పోనీలే, ఉందనుకునే పిలుస్తా" అన్నాడు.

ఆ ఏడు వానలు విడవకుండా పట్టుకున్నాయి. కొండకి వేసిన టెలిఫోను తీగ కొట్టుకుపోయింది. దాని వెనకే సెట్టుకి కరెంటిచ్చే చేతి డైనమో పిడి విరిగింది. పిచ్చుక సెట్టుని వీపుకి కట్టుకుని కిందికి దిగి, బల్ల మీద దించి, "అన్నగారి చెయ్యి విరిగింది బావా, కట్టు కట్టు" అన్నాడు. సెట్టు బాగయ్యేదాకా ఆ రెండు రోజులూ అతన్ని సామాన్ల లారీ పనికి వేశారు.

అదే వారం కల్నలు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. ఇంతకుముందు తనిఖీలప్పుడు ఆ సెట్టు కొండ మీదే ఉండేది, కల్నళ్ళు కొండెక్కరు కాబట్టి బెంగ ఉండేది కాదు. ఇప్పుడది బల్ల మీదే ఉంది. కల్నలు సూదిని అంకె మీద పెట్టించి, తన దగ్గరున్న పరికరంతో కొలుస్తాడు. గుట్టు బయటపడుతుంది.

మెకానిక్కు పిడి బిగించాడు. తర్వాత చచ్చిన సెట్లలో ఒకదాని పొట్ట విప్పి, అరగని పళ్ళచక్రం ఒకటి దొరికితే దాన్ని తెచ్చి డయలు వెనక వేశాడు. సూదిని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ రెండు రోజులు కూర్చున్నాడు. చివరికి అంకె మీద పెడితే అంకె మీదే పలికింది. రెండేళ్ళుగా చెయ్యలేనిది చేశానని తన చేతుల్ని తనే మెచ్చుకున్నాడు. గీత మాత్రం అలాగే ఉంది. దాని మీద నల్లరంగు పూద్దామనుకున్నాడు గానీ ఆ ముసురులో ఆరదని ఊరుకున్నాడు. పిచ్చుక వచ్చినప్పుడు నోటితో చెబితే పోలా?

పిచ్చుక సెట్టు కోసం వచ్చేసరికి కల్నలు షెడ్డులోనే ఉన్నాడు. కొలవడం అప్పుడే అయింది.

"వెంట్రుకవాసి తేడా లేదు" అన్నాడు కల్నలు, మేజరు వైపు తిరిగి. "ఇంత బాగా పనిచేస్తుంటే కొత్తవి కావాలని ఏడాదికి నాలుగు ఉత్తరాలు ఎందుకు రాస్తున్నారయ్యా?"



కల్నలు పిచ్చుకని అడిగాడు, "ఏమోయ్, ఇది ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

"ఎప్పుడూ ఇలాగే సార్" అన్నాడు పిచ్చుక, కళ్ళార్పకుండా. "బంగారం."

మెకానిక్కు సెట్టు దగ్గరికి వచ్చాడు. 'డయలు బాగుచేశాను, గీత వదిలెయ్యి' అంటే చాలు. కానీ ఆ మాట కల్నలు చెవిన పడితే, గీత ఎందుకొచ్చింది, ఎన్నాళ్ళ నుంచి ఉంది, ఎవరు సంతకం పెట్టారు అన్నీ బయటికి వస్తాయి. సెట్టుని పిచ్చుక వీపుకెత్తుతూ, పట్టీలు బిగిస్తూ, నొక్కి నొక్కి చెప్పాడు.

"అంకె మీదే పెట్టు. విన్నావా? అంకె మీదే."

పిచ్చుక ఒక కన్ను గీటాడు. "అంకె మీద కాక ఇంకెక్కడ పెడతాను బావా!"

ఆ కన్ను గీటడంలోనే మెకానిక్కుకి అర్థమైంది. కల్నలు ముందు ఆడుతున్న నాటకంలో బావ కూడా ఒక వేషం కట్టాడనుకున్నాడు పిచ్చుక. నిజం చెప్పినా అబద్ధం కిందే పోయింది. వెనకాలే వెళ్ళి చెప్పాలని గుమ్మం దాకా వచ్చాడు. కల్నలు "ఏమయ్యా, మిగతావి చూపించు" అని పిలిచాడు. చూపించి బయటికొచ్చేసరికి పిచ్చుకని ఎక్కించుకుని లారీ వెళ్ళిపోయింది.

కొండ చేరగానే పిచ్చుక కబురు చెయ్యాలి. చెయ్యలేదు. వానరోజుల్లో అది మామూలేనని రేడియోగదిలో ఎవరూ పట్టించుకోలేదు. రేపు వాన తెరిపిస్తే పిచ్చుకే చూసుకుంటాడులే అని మెకానిక్కు తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. కానీ పిచ్చుక చూసుకోడని అతనికి తెలుసు. ఆ సెట్లతో పనిచేసేవాళ్ళకి నిశ్శబ్దం రోజూ ఉండేదే. వాల్వులు వేడెక్కలేదనుకుంటారు, డైనమో ఇంకాసేపు తిప్పుతారు, పెట్టె మీద నాలుగు దెబ్బలేస్తారు, మబ్బుల్ని తిడతారు. గీతని మాత్రం అనుమానించరు. ఆ పెట్టె మొత్తంలో వాళ్ళు నమ్మేది అదొక్కటే.

మర్నాడు పదకొండింటికి పై అధికారుల నుంచి ఆజ్ఞ వచ్చింది. శత్రువులు అవతలి వాలున ఎక్కుతున్నారు. ఒంటిగంటకి మన ఫిరంగులే కొండ నెత్తి మీద కాలుస్తాయి. పోస్టులో ఉన్నవాళ్ళు ఆలోపు కిందికి దిగాలి. దిగడానికి ఎంత పరిగెత్తినా గంట. ఇక్కడినుంచి మనిషిని పంపితే చేరేసరికి సాయంత్రమవుతుంది.

షెడ్డుకీ రేడియోగదికీ మధ్య ఉన్నది చెక్కగోడ. అవతల పిలుస్తున్న మాట ఇవతలికి వినబడుతోంది.

"కొండా, కొండా, వినబడుతోందా? కొండా, పలుకు."

గరగర. మళ్ళీ అదే పిలుపు.

మెకానిక్కు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఒక స్క్రూ. లేచి, పదడుగులు వేసి, తలుపు తోసి, సూది వేలెడు ఎడమకి జరపండి అంటే సరిపోతుంది. కానీ కల్నలు అక్కడే ఉన్నాడు. గొంతు వినబడుతోంది. ఇరవై నాలుగు నెలల సంతకాలు. కోర్టు, జైలు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఇంకా మాటలు రాలేదు. ఇప్పుడు తగులుతుంది, ఇంకొక్కసారి పిలిస్తే తగులుతుంది, పిచ్చుక విసుగొచ్చి సూదిని అటూ ఇటూ తిప్పి ఉంటాడు అనుకుంటూ కూర్చున్నాడు. గోడ మీద గడియారం ఎదురుగానే ఉంది. దాన్ని చూస్తూనే కూర్చున్నాడు.

పన్నెండుకి ఇరవై అయిదు నిమిషాలుందనగా లేచాడు.

"సూది పక్కకి జరపాలి సార్" అన్నాడు, గుమ్మంలోనే నిలబడి. "పోస్టు సెట్టు డయలు రెండేళ్ళుగా తప్పు. మొన్న నేను బాగుచేశాను. అది అతనికి తెలియదు. పాత గీత మీద పెట్టుకుని కూర్చున్నాడు."

"నిన్న నేనే కొలిచానుగా" అన్నాడు కల్నలు. "సరిగ్గా ఉంది."

"అదే సార్ ఇప్పుడు కొంప ముంచింది. నిన్న సరిగ్గా ఉంది. అంతకుముందే లేదు."

"రెండేళ్ళ కాగితాల్లో మరి..." అంటూ కల్నలు మేజరు వైపు చూశాడు.

"కాగితాల సంగతి తర్వాత చూడండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను. వేలెడు జరపనివ్వండి."

ఇచ్చిన అంకె వదిలి వేరేచోట మాట్లాడకూడదని నిబంధన. అది జరపాలా వద్దా అని ఇద్దరు ఆఫీసర్లూ తేల్చుకోవడానికి ఇంకో పది నిమిషాలు పోయాయి. చివరికి మేజరే కుర్చీ పక్కకి లాగి, "కూర్చో" అన్నాడు.

సూది జరపగానే పిచ్చుక గొంతు చెవి పక్కనే ఉన్నట్టు పలికింది.

"బావా! నువ్వా! నిన్నటినుంచి అరిచి అరిచి గొంతు పోయింది. నన్నొదిలేసి మీరంతా ఊరు మారారనుకున్నా!"

"విను. ఒంటిగంటకి మనవాళ్ళే కాలుస్తారు. అందరూ ఇప్పుడే దిగండి. పరిగెత్తండి."



"పన్నెండు కావస్తోంది కదా బావా" అన్నాడు పిచ్చుక. నవ్వు పోయింది. తర్వాత, "సెట్టో?" అన్నాడు.

"దాన్నొదిలెయ్యి."

"వదిలితే జైలుకి పోయేది నేను. నా పేరు మీద రాసిచ్చారు."

మెకానిక్కు వెనక్కి తిరిగాడు. "వదిలెయ్యమని చెప్పండి సార్. మీ నోటితో చెప్పండి."

మేజరు కల్నలు వైపు చూశాడు. "సెట్టు శత్రువు చేతిలో పడకూడదు" అన్నాడు కల్నలు. "నిబంధన అది."

"పగలగొట్టి రమ్మనండి సార్. రాయి పెట్టి రెండు దెబ్బలు..."

కల్నలు ఏదో అనడానికి నోరు తెరిచాడు. ఈలోపల పిచ్చుక, "సరే బావా, దిగుతున్నాం" అన్నాడు. సెట్టు ఆగిపోయింది. తర్వాత ఎన్నిసార్లు పిలిచినా గరగరే.

అరగంట ఆగమని ఫిరంగులవాళ్ళని మేజరు టెలిఫోనులో అడిగాడు. పది నిమిషాలిచ్చారు.

కిందికి ఎనిమిది మంది వచ్చారు. మోకాళ్ళు చీరుకుపోయి, ఒళ్ళంతా బురద. "మా వెనకే వస్తానన్నాడు" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "బరువు పంచుకుంటామంటే, మీరు పదండ్రా, అన్నగారు ముసలాయన, మెల్లగా తీసుకొస్తా అన్నాడు."

మూడోరోజు వెళ్ళి తెచ్చారు. బోర్లా పడి ఉన్నాడు. తన వానకోటు విప్పి సెట్టుకి చుట్టి, దాని మీద పడుకున్నాడు. సెట్టులో ఒక్క వాల్వు కూడా పగల్లేదు. మెకానిక్కు బల్ల మీద పెట్టి, బాగుందో లేదో చూసి చెప్పమన్నారు. మూడు నిమిషాలకి వేడెక్కి, అంకె మీద పలికింది.

విచారణ ఒక పూటలో అయిపోయింది. పెద్ద ఆఫీసరు ఒకతను వచ్చాడు.

"ఆ రోజు సెట్టు సవ్యంగా ఉందా, లేదా? ఒక్క మాటలో చెప్పు."

"ఉంది సార్, కానీ..."

"ఉంది. రాసుకోండి."

'రేడియో మనిషి ఇచ్చిన అంకె మీద సూది పెట్టలేదు, అందువల్ల ఆజ్ఞ ఆలస్యంగా అందింది' అని కాగితం తయారైంది. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. పాత కాగితాల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే మేజరు పోతాడు, తనిఖీ చేసి బాగుందన్న కల్నలూ పోతాడు. కాగితం మెకానిక్కు ముందుకి జరిపి, కలం చేతికిచ్చారు. మేజరు పక్కనే నిలబడి, "పిల్లలున్నవాడివి" అన్నాడు. అంతే అన్నాడు.

మెకానిక్కు సంతకం పెట్టాడు.

నాలుగు నెలల తర్వాత సెలవు పెట్టి పిచ్చుక వాళ్ళమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆవిడ ఒక ఇరుకు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. స్టూలు మీద ఉన్న గుడ్డముక్కలు తీసి కూర్చోమంది.

"మావాడు తప్పు చేశాడని ఉత్తరం వచ్చింది నాయనా" అంది, మిషను ఆపకుండానే. "పక్కింటాయన చదివి వినిపించాడు. సూదేదో తప్పు పెట్టాడట. వాడు చిన్నప్పుడు ఈ మిషను సూదిలో నాకు దారం ఎక్కించేవాడు. ఎప్పుడూ తప్పేవాడు కాదు."

మెకానిక్కు అంతా చెప్పాడు. గీత, సంతకాలు, పళ్ళచక్రం, కన్ను గీటడం. చెబుతున్నంతసేపూ మిషను ఆగి ఉంది.

"గోడ ఇవతల కూర్చున్నానన్నావు" అంది ఆవిడ. "ఎంతసేపు?"

విచారణలో ఎవరూ అడగని ప్రశ్న అది. అప్పటికి ఇంట్లోనూ ఎవరికీ చెప్పలేదు.

"ముప్పై అయిదు నిమిషాలు అమ్మా."

ఆవిడ ఏడవలేదు. లేచి, పెట్టె తెరిచి, జాకెట్ల కొలతలు రాయించుకునే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పెన్సిలుతో పాటు అతని ముందు పెట్టింది.

"రాసివ్వు. ఆ నిమిషాలతో సహా. సంతకం పెట్టు."

రాశాడు. రెండుసార్లు పెన్సిలు ములుకు విరిగింది. ఆవిడ కత్తెరతో చెక్కి ఇచ్చింది. రాయడం అయ్యాక కాగితం తీసుకుని, పక్కింటాయన్ని పిలిచి, మెకానిక్కు ఎదుటే మొదటినుంచి చివరిదాకా చదివించుకుంది. తర్వాత మడతపెట్టి జాకెట్లో దోపుకుంది.

"ఇక వెళ్ళు నాయనా" అంది.

ఆ కాగితం ఆవిడ ఎవరికైనా చూపించిందో లేదో తెలియదు. పటాలం నుంచి అతన్ని తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. మెకానిక్కు ఉద్యోగం పూర్తిచేసి ఇంటికి వచ్చాడు, ఇరవై ఆరేళ్ళు బతికాడు. ఆ ఇరవై ఆరేళ్ళూ తలుపు చప్పుడైతే తనే లేచి వెళ్ళేవాడు, ఇంకెవరినీ తియ్యనిచ్చేవాడు కాదు. ప్రతిసారీ ముందు చొక్కా వేసుకునేవాడు.

రాసినది: అందరూ మెకానిక్కమ్మ అనే నేను. వయసు అరవై తొమ్మిది. ప్రస్తుతం చిన్నకూతురి ఇంట్లో, బస్టాండు వెనక రెండో సందులో, మేడ మీద గదిలో ఉంటున్నాను.